అచ్చోసిన ఆంబోతు

పనీపాటా లేకుండా ఊరిమీద పడి తిరిగే కుర్రవాణ్ణి చూసి మన పెద్దలు అనే మాట ఒకటుంది: "అచ్చోసిన ఆంబోతులా తిరుగుతున్నాడు!" తిట్టేవారికీ భావం తెలుసు, తిట్టు తినేవారికీ తెలుసు. కాని ఆ ఆంబోతుకు అచ్చు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. తరగతిలో జాతీయాల పాఠం వచ్చినప్పుడల్లా నేనీ ప్రశ్న వేస్తూ ఉంటాను. అచ్చు అనగానే మా పిల్లలకు అచ్చుయంత్రమే గుర్తుకు వస్తుంది. "పేపర్లో ఫోటో పడిన ఆంబోతు కాబోలు సార్!" అన్నాడు ఒకసారి వెనుక బెంచీ కుర్రవాడు. క్లాసంతా గొల్లుమంది.

ఇక్కడ అచ్చు అంటే ముద్ర. ఎర్రగా కాల్చిన ఇనుముతో పశువు చర్మం మీద వేసే మాయని గుర్తు. 'అచ్చుపోసిన' అన్నది జనం నోట నలిగి 'అచ్చోసిన' అయింది. లోకంలో పశువు ఒంటిమీద ముద్ర ఎక్కడ వేసినా "ఇది ఫలానావారిది" అని చెప్పడానికే. మన ఆంబోతు మీది ముద్ర ఒక్కటే "ఇది ఎవరిదీ కాదు, అందరిదీ" అని చెప్పింది. ఆ విడ్డూరం నుంచే మన ఒంగోలు జాతికి సగం బలం వచ్చింది. ఆ కథ తెలియాలంటే ముందు మామూలు ముద్రల సంగతి కొంత తెలుసుకోవాలి.

దుర్యోధనుడి సాకు

అరణ్యపర్వంలో ఘోషయాత్ర కథ అందరూ విన్నదే. అడవిలో నారచీరలు కట్టుకొని ఉన్న పాండవుల ఎదుట తన వైభవం ప్రదర్శించి వాళ్ళను కుళ్ళబెట్టాలని దుర్యోధనుడికి బుద్ధి పుట్టింది. ఆ మాట తండ్రితో చెబితే ఒప్పుకోడు. అందుకని ఒక సాకు వెదికారు: "ద్వైతవనంలో మన ఆలమందలున్నాయి. వాటిని లెక్కబెట్టి, కొత్త దూడలకు గుర్తులు వేయించే కాలం వచ్చింది." ముసలిరాజు కాదనలేకపోయాడు. ఏటేటా జరగవలసిన పని అది. వెళ్ళినవాడు నిజంగానే మందలను లెక్కించి, లేగలకు అంకనం చేయించాడు కూడా. తరువాత గంధర్వుల చేతికి చిక్కి పరువు పోగొట్టుకున్నాడనుకోండి, అది వేరే కథ. తెలుగులో ఈ భాగం వ్రాసినవాడు ఎఱ్ఱాప్రగడ. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. మన ప్రాంతపు ఆలమందల మధ్య తిరిగిన కవికి ఈ ఘట్టం కొత్తగా తోచి ఉండదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ పనికి ఏకంగా ఒక అధికారే ఉన్నాడు. ఆయన గోధ్యక్షుడు. పుట్టిన నెలా రెండు నెలల లోపల దూడకు ముద్ర వేయాలి. వేసిన ముద్ర, పుట్టుమచ్చ, రంగు, రెండు కొమ్ముల మధ్య ఎడం, ఈ నాలుగూ పుస్తకంలో ఎక్కించాలి. ముద్ర ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. దొంగ ముద్రను చెరపగలడు గాని కొమ్ముల ఎడాన్ని ఏం చేయగలడు?

వ్యాకరణం చదువుకున్నవారికి మరొక వినోదం. పాణిని అష్టాధ్యాయిలో పశువుల చెవిగుర్తుల కోసమే ఒక సూత్రం ఉంది. గుర్తును చెప్పే మాట తరువాత 'కర్ణ' శబ్దం వస్తే ఆ మాట చివరి అచ్చు దీర్ఘమవుతుందట. (ఈ అచ్చు వేరు, ఆంబోతు అచ్చు వేరు!) కొడవలి గుర్తు చెవిగలది 'దాత్రాకర్ణ'. కొన్ని మాటలకు మాత్రం ఆ దీర్ఘం రాదని ఆయన జాబితా ఇచ్చాడు: ఎనిమిది, అయిదు, మణి, చీలిక, కోత, రంధ్రం, స్రువం, స్వస్తికం వంటివి. వ్యాకరణం కోసం వ్రాసిన ఆ జాబితా ఈనాడు మనకు ఆనాటి గొడ్లసావిడిని కళ్ళకు కడుతుంది. యాగంలో నెయ్యి పోసే స్రువం బొమ్మ ఒకరి ఆవుల చెవికి, అయిదు అంకె మరొకరి ఆవుల చెవికి.

గుర్రం మీద డాగు

ఆవుకు గుర్తు వేయడం దొంగకు భయపడి. గుర్రానికి వేయడం సొంత సైనికుణ్ణి నమ్మలేక. ఢిల్లీని 1296 నుంచి 1316 వరకు ఏలిన అల్లాఉద్దీన్ ఖిల్జీకి ఈ బెడద తగిలింది. రౌతులు మేలుజాతి గుర్రానికని జీతం పుచ్చుకునేవారు. తనిఖీనాడు పొరుగువాడి గుర్రాన్ని ఎరువు తెచ్చి చూపేవారు. తెల్లవారితే వాళ్ళ చేత మిగిలేది చచ్చు తట్టువ. ఒకే గుర్రం పదిమంది పేర నడిచిపోయేది! దాంతో సుల్తాను గుర్రాలకు కాల్చిన ముద్ర వేయించాడు, సైనికుల ఆనవాళ్ళు వ్రాయించాడు. ముద్రను 'దాగ్' అన్నారు, ఆనవాళ్ళ పట్టీని 'హులియా' అన్నారు. తరువాత షేర్‌షా, 1570లలో అక్బరు అదే పద్ధతిని మళ్ళీ అమలు జరిపారు.

ఆ పారసీక 'దాగ్' మన ఇంట్లోకీ వచ్చింది. మామిడిపండు మీద మచ్చ ఉంటే "డాగు పడింది" అంటాం. చొక్కాకు డాగు పట్టిందని చాకలితో తగువు పెట్టుకుంటాం. సుల్తానుల గుర్రపుశాల మాట మన వంటింటి మాట అయింది.

కాల్చకుండా గుర్రాన్ని గుర్తించే మార్గం కూడా ఉంది. అది సుడి. పశువు ఒంటిమీద వెండ్రుకలు గిరగిర తిరిగి ఉన్నచోటు అది. ఎద్దును కొనబోయే మన రైతు ముందు పళ్ళు చూస్తాడు, తరువాత సుళ్ళు చూస్తాడు. ఫలానాచోట సుడి ఉంటే ఇంటికి మంచిది, ఫలానాచోట ఉంటే యజమానికి చెడుపు అనే నమ్మకాలు ఎన్నో. ఆ శుభాశుభాల మాట అలా ఉంచండి. పుట్టినప్పుడు ఉన్న సుడి చచ్చేదాకా చోటు మారదన్నది మాత్రం పరమసత్యం. అందుకే విదేశాల్లో గుర్రానికి ఇచ్చే పాస్‌పోర్టులో దాని బొమ్మ గీసి, సుడి ఉన్నచోటల్లా గుర్తు పెడతారు. మన సంతలో తాతలు వ్రేలితో తడిమి చూసినదాన్నే వాళ్ళు కాగితం మీద పెట్టారు. ఆవుల విషయంలో ఇంకొక వింత ఉంది. వాటి మూతి చర్మం మీది గీతలు మన వ్రేలిముద్రల్లా దేనివి దానివే. పీటర్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1922లో ఈ సంగతి ప్రకటించాడు.

గీత, బొమ్మ, అంకె

పశువు ఒంటిమీద కనిపించే కాలిన మచ్చలన్నీ ఒకటి కావు. వాటిని చదవడానికి మన పల్లెల్లో తేలిక సూత్రం ఉంది: గీత అయితే వైద్యం, బొమ్మ అయితే దేవుడు, అంకె అయితే సర్కారు.

గీతలు అంటే వాతలు. గొడ్డు కుంటినా, కీలు వాచినా, కడుపు ఉబ్బినా కొడవలి కాల్చి వాత పెట్టేవారు. పశువైద్యులు ఇది కూడని పని అంటారు. జబ్బు పోకపోగా పుండు మిగులుతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత మనకు ఉండనే ఉంది. పులి చారలు పుట్టుకతో వచ్చినవి, నక్క చారలు కాల్చుకుంటే వచ్చినవి. ఒంటిమీద గుర్తు ఉన్నంతమాత్రాన లోపల సరుకు ఉన్నట్టు కాదని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం.

ఇక బొమ్మ. ఆంబోతు తొడమీద త్రిశూలం, చక్రం. అసలు కథ ఇక్కడ ఉంది.

ఊరి గిత్త

కలిగిన ఇంట పెద్దాయన కాలం చేస్తే పదకొండోనాడు వృషోత్సర్గం చేయించడం పాత ఆచారం. అంటే ఎద్దును వదలడం. మంచి గిత్తను తెచ్చి, స్నానం చేయించి, పూజించి, కమ్మరి చేసిన ఇనుప అచ్చును కాల్చి, ఒక తొడమీద త్రిశూలం, మరొక తొడమీద చక్రం వేసి ఊరిమీదికి వదిలేవారు. పోయినవారికి పుణ్యలోకాలు కలుగుతాయని విశ్వాసం. ధర్మశాస్త్రాలు నీలవృషభాన్ని వదలమన్నాయి. పేరుకు నీలమే గాని, వాటి లెక్క ప్రకారం దాని ఒళ్ళు ఎరుపు, ముఖమూ తోకా తెలుపు. మన ఊళ్ళలో పుట్టేవి పాలవంటి తెల్లగిత్తలాయె. శాస్త్రం చెప్పిన రంగు దొరక్కపోతే మనవాళ్ళు ఏం చూశారు?

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న ఒక వృద్ధ రైతును ఇదే అడిగాను. ఎనభై దాటిన మనిషి.

"ఆంబోతుకు అచ్చు వేయడం మీరు చూశారా, పెద్దాయనా?"

"సూడకేం మేష్టారూ! చిన్నప్పుడు మా ఊళ్ళో సూశా. అచ్చేసినాక దాన్ని ముల్లుగర్రతో అదిలించేవోడే లేడు. ఇయ్యాల నా జొన్నచేలో పడితే రేపు నీ చేలో పడిద్ది. ఎవురూ ఏమనరు."

"నష్టం కాదూ?"

"నష్టమేందండీ? మా ఆవుకి దూడ కావాలంటే అదేగా దిక్కు! అందుకనే వొదిలేముందు ఊరు ఊరంతా వొచ్చి సూసేది. మూపురం ఎట్టుంది, గంగడోలు ఎట్టుంది, కాళ్ళు గట్టియ్యేనా, తల్లి ఎన్ని పాలిచ్చింది... పిల్లకి సంబంధం సూసినట్టే సూసేవోళ్ళు. బక్కదాన్నో కుంటిదాన్నో తెస్తే ఊరు ఊరుకుంటదా? 'మీ నాయనకి ఇదా నువ్వు చేసే మర్యాద?' అని మొహానే అడుగుతారు."

ఆ చివరిమాటలో సగం పశుశాస్త్రం ఉంది. తండ్రి పేరు నిలవాలనే పట్టింపు వల్ల కొడుకు ఖర్చుకు వెనుకాడడు. ఊరివాళ్ళ ఆవులన్నీ ఆ గిత్తకే కట్టాలి గనుక ఊరు ఎంపికలో మొగమాటపడదు. ఇలా తరతరాలు జల్లెడ పట్టగా వచ్చిన జాతి మన ఒంగోలు జాతి. సర్కారువారి చింతలదేవి, చదలవాడ క్షేత్రాలూ, గుంటూరు పక్కనున్న లాం పరిశోధన కేంద్రమూ తరువాత వచ్చాయి. గుండ్లకమ్మ చుట్టుపట్ల నల్లరేగడి వానకు తడిసిందంటే నడుంలోతు బంక. అందులో నాగలి లాగాలంటే ఏనుగువంటి ఎద్దు కావాలి. ఆ నేలకు తగిన ఎద్దును మన రైతులే తయారుచేసుకున్నారు. వాళ్ళు వంశవృక్షాలు వ్రాయలేదు, రిజిస్టర్లు పెట్టలేదు. తొడమీద త్రిశూలమే వాళ్ళ రిజిస్టరు.

కోర్టుకెక్కిన ఆంబోతు

ఎవరిదీ కాని ఎద్దును ఎవరైనా తోలుకుపోతే? ఇంగ్లీషు చట్టం వచ్చాక ఈ చిక్కుప్రశ్న పుట్టింది. యజమాని లేని సొత్తుకు దొంగతనం ఎలా వస్తుంది? అలహాబాదు హైకోర్టు 1880లలో, కలకత్తా హైకోర్టు 1890లో, శ్రాద్ధంలో వదిలేసిన ఎద్దు ఎవరి ఆస్తీ కాదని తేల్చాయి. వదిలినవాడు హక్కు వదులుకున్నాడు, ఇంకొకరు పుచ్చుకోలేదు. కాబట్టి దాన్ని తోలుకుపోయినవాడు దొంగ కాడు!

అప్పట్లో మన జిల్లాలు మద్రాసు హైకోర్టు కిందివి. ఆ కోర్టు 1888లో వచ్చిన కేసులో వేరే దారి పట్టింది. ఆ ఎద్దును ఒక ఆలయంలోని దేవుడికి సమర్పించారు. స్వేచ్ఛగా తిరుగుతున్నంతమాత్రాన అది అడవిమృగం అయిపోదు, ఆ గుడి ధర్మకర్తకు దానిమీద హక్కూ బాధ్యతా ఉంటాయి అన్నది. జడ్జీలు ఇంత శ్రమపడ్డారు గాని, ఊరి రైతును అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాడు: అది ఊరిది. 'ఊరు' అనే యజమాని మాత్రం చట్టం పుస్తకంలో దొరకలేదు.

ఆచారం క్రమంగా సడలింది. మంచి గిత్తకు ధర పెరిగేకొద్దీ పుణ్యం చౌకలో కొనేవారు బయలుదేరారు. తంతు ముగిస్తే చాలునని ఏదో ఒక కోడెను వదిలేవారు. గిత్త పస తగ్గాక చేలో పడి మేస్తే రైతుకు కడుపుమంట రాకేం చేస్తుంది? 'అచ్చోసిన ఆంబోతు' అన్న మాటలో గౌరవం పోయి తిట్టు మిగలడం ఆ దశలో జరిగిన పనే అయి ఉంటుందని నా ఊహ. మద్రాసు ప్రభుత్వం 1940లో పశువుల అభివృద్ధికి చట్టం చేసింది. అంతకుముందు ఊరు చేసిన జల్లెడను సర్కారు చేతిలోకి తీసుకునే ప్రయత్నం అది.

సముద్రం దాటిన ముద్ర

ఈలోగా మన గిత్తలు సముద్రం దాటాయి. బ్రెజిల్‌కు 19వ శతాబ్దంలోనే వెళ్ళాయి. అక్కడ వాటి పేరు 'నెలోరె', అంటే నెల్లూరు. ఒంగోలు ఎద్దుకు నెల్లూరు పేరు ఎలా వచ్చింది? 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ఆ తరువాత ఒంగోలు గుంటూరు జిల్లాకు మారింది. 1970లో తనే జిల్లాకేంద్రమైంది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. బ్రెజిల్ పశువుకు మాత్రం ఆ పాత చిరునామాయే అచ్చుపడిపోయింది. 1962లో తోరెస్ ఒమెమ్ రోడ్రిగ్స్ ద కున్యా అనే పశుపోషకుడు తీసుకువెళ్ళిన గిత్త పేరు 'కర్వాది'. అది మన ఒంగోలు పక్కనున్న కరవది ఊరిపేరే! బ్రెజిల్ నెలోరె మందల్లో ఆ గిత్త సంతతి ఎంతగానో విస్తరించింది. 2023లో అక్కడి వేలంలో వియాతినా అనే నెలోరె ఆవులో మూడోవంతు వాటాకు పలికిన ధరను బట్టి, మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

అక్కడివారు కాల్చిన ఇనుముతో అంకెలు వేస్తారు. వాటిని చూసి ఫలానా గిత్త, ఫలానా తల్లి అని పుస్తకం తీసి చదువుతారు. తోలు పాడవుతున్నదని 1965లోనే చట్టం చేసి, ముద్ర 11 సెంటీమీటర్లకు మించరాదనీ, ముఖం, మెడ, కాళ్ళ దిగువభాగం తప్ప వేరేచోట వేయరాదనీ కట్టడి చేశారు. ఎద్దు బాధ కన్నా తోలు ధర ముందుగా చట్టానికెక్కింది!

నిప్పు పోయి చలి వచ్చింది

1966లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు పశువైద్యుడు కీత్ ఫారెల్ నిప్పు లేని ముద్ర కనిపెట్టాడు. రాగి అచ్చును ద్రవ నైట్రోజన్‌లో ముంచి, దానికి ఒత్తుతారు. వెండ్రుకకు రంగునిచ్చే కణాలు చచ్చిపోయి, ఆ చోట తెల్లవెండ్రుకలు మొలుస్తాయి. నల్లగుర్రం మీద తెల్లని అంకెలు చక్కగా కనిపిస్తాయి. అమెరికాలో అడవిగుర్రాలను పట్టి మెడ ఎడమవైపున ఇలాగే గుర్తు వేస్తారు. కోణాల గీతలతో కూడిన ఆ లిపి తెలిసినవారు పుట్టిన ఏడూ, నమోదు సంఖ్యా చదవగలరు. మన ఒంగోలు గిత్త పుట్టుతెలుపు. తెలుపుమీద తెల్లగీత ఏం కనిపిస్తుంది? అందుకని ఇంకొంతసేపు ఒత్తిపట్టి వెండ్రుక మొదలే చంపాలి. బోడిచర్మమే అంకె అవుతుంది.

మనదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, నిర్ణీత పద్ధతిలో ముద్ర వేయడాన్ని నేరం కాదన్నది. ఆ పద్ధతి ఏమిటో చెప్పే నియమాలు 2023లో గాని రాలేదు. ఈలోపల ముద్ర తొడమీదినుంచి చెవికి ఎక్కింది. 2019లో మొదలైన గాలికుంటు నివారణ పథకంతో దేశమంతటా ఆవులకూ గేదెలకూ చెవిలో పసుపుబిళ్ళ వెలిసింది. దానిమీద 12 అంకెలు. టీకాలూ, ఈతలూ అన్నీ ఆ సంఖ్య కిందనే నమోదు చేస్తారు. బీమా కంపెనీలవారి షరతు కూడా కఠినమైనదే: బిళ్ళ లేకపోతే పరిహారం లేదు. పాడిగేదె ఒక్కటే ఆధారమైన ఇంట్లో ఆ బిళ్ళ ముళ్ళకంపకు తగులుకొని ఊడిందంటే, తెల్లవారగానే పశువుల ఆసుపత్రికి పరుగెత్తి మళ్ళీ వేయించుకోవలసిందే. పాణిని నాటి చెవిగుర్తే మళ్ళీ చెవికి చేరింది.

గొట్టం మీది అచ్చు

పత్తికీ మిరపకీ నేడు దుక్కి దున్నేది ట్రాక్టరు. ఒంగోలు గిత్త సత్తా చూడాలంటే తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు పోవాలి. ఆవు కట్టడానికి ఊరిగిత్త లేదు. నంద్యాల, విశాఖపట్నం వంటిచోట్ల ఘనీభవన వీర్యకేంద్రాలున్నాయి. సన్నని గొట్టంలో పావు మిల్లీలీటరు. సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో ఏళ్ళతరబడి నిలవ ఉంటుంది. ఒక మేలుగిత్త వేల ఊళ్ళకు అందుతుంది. ఇది మంచిదే. ఊరికొక గిత్తను పోషించే రోజులు తిరిగి రావు, రావాలని పట్టుపట్టడంలో అర్థమూ లేదు.

కాని ఒకటి పోయింది. పదిమంది కూడి మూపురం తడిమి, కాళ్ళు చూసి, "ఇది మన ఊరికి పనికివస్తుంది" అని తేల్చిన ఆ చూపు పోయింది. చాలా ఇళ్ళలో ఏ జాతి గొట్టం వేశారో కూడా అడగరు. ఒంగోలు ఆవుకు జెర్సీ వేసినా, ఇంకొకటి వేసినా, దూడ పుట్టాక రంగు చూసి ఆశ్చర్యపడడమే. అచ్చు లేకపోలేదు. ఆ సన్నగొట్టం మీద గిత్త సంఖ్య, జాతి, కేంద్రం, తేదీ ముద్రించే ఉంటాయి. ఇది చదివే మీలో చాలామందికి పల్లెలో పుట్టిల్లో అత్తిల్లో, అక్కడ ఒకటో రెండో పాడిపశువులో ఉండే ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు చెప్పి రండి. సూది వేసేందుకు వచ్చినవారిని ఆ గొట్టం పారవేయవద్దనండి. దానిమీది అంకె చదివి, పాలలెక్క వ్రాసే పుస్తకంలోనే తేదీ వేసి ఎక్కించమనండి. మూడు తరాలు అలా వ్రాస్తే ఆ ఇంటి ఆవుకు వంశవృక్షం తయారవుతుంది. కౌటిల్యుడి గోధ్యక్షుడు చేసినపనీ ఇదే, బ్రెజిల్ రైతు చేస్తున్నపనీ ఇదే.

తిట్టు మాటంటారా? వాడుకలో ఉన్నదాన్ని మాన్పించడం ఎవరి తరమూ కాదు, నేనూ ఆ ప్రయత్నం చేయను. మా తరగతిలో మాత్రం జాతీయం కింద రెండు అర్థాలు వ్రాయిస్తున్నాను. ఒకటి: అదుపులేక తిరిగేవాడు. రెండు: ఊరంతా కలిసి ఎంచుకున్నవాడు.